విరిగేదాకా

పిస్తోలు ఎన్నాళ్ళు మన్నుతుందో తేల్చే గదిలో నాకిది మొదటి రాత్రి. అది విరిగేదాకా కాలుస్తూనే ఉండాలి. విరిగాకే కాపలా ఉన్న మా బావ తలుపు తీస్తాడు.

"నీ చేతిలో పడ్డదేదైనా తెల్లారేదాకా బతుకుతుందా! త్వరగా కానియ్, ఉయ్యాల్లో నీ మేనల్లుడు ఏడుస్తుంటాడు" అంటూ నవ్వి, బయట తాళం వేశాడు.

నూనె కాగితం విప్పి నేనే తీసిన కొత్త పిస్తోలు అది. చెవులు గింగురుమనేదాకా కాల్చి ఆపాను. చూస్తే, ట్రిగ్గర్ మీద ఇనుము గుంటపడేలా అరిగిపోయి ఉంది. ఆ గుంటలో నా వేలు అతికినట్టు సరిపోయింది. వేలేమో ముడతలు పడి ఉంది.

"బావా, తలుపు తియ్యి!" అని అరిచాను.

అవతల నుంచి బొంగురు మగగొంతు పలికింది.

"నాన్న పోయి చాలా ఏళ్ళయింది మామయ్యా. పిస్తోలు విరిగిందా?"