దేనికని అడగని రోజు

ప్రోఖోర్ అందరి ముందూ నడుము దాకా వంగాడు. భర్త పోయిన గ్లఫీరా ముందు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించాడు.

వరుసలో వెనక నిలబడ్డ అతని భార్య ఫీమాకు ఒళ్ళు మండిపోయింది.

రేపటి నుంచి ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసం. ఈ సాయంత్రం చర్చిలో ఒకరి ముందొకరు వంగి క్షమాపణ అడగాలి. "దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను" అని ఎదుటివాళ్ళు బదులు చెప్పాలి. దేనికని అడగకూడదు. దేనికో తెలియకుండా క్షమించడం ఎలాగో ఫీమాకు ఏనాడూ అర్థం కాలేదు.

"మీ ఆయన ఎంత భక్తిగా మొక్కాడో చూశావా," అంది పక్కనున్న ముసలి అగాఫ్యా, నవ్వు ఆపుకుంటూ.

"ఆ భక్తి దేని మీదో నాకు తెలుసులే."

ఈ కిర్గిజ్ ఊళ్ళో రష్యన్లు ఒక్కొక్కరే ఇళ్ళు అమ్ముకుని రష్యా వెళ్ళిపోతున్నారు. గ్లఫీరా కూతురూ వెళ్ళింది. గ్లఫీరా మాత్రం కదలదు. ఎందుకు కదలదో ఫీమాకు తెలుసు. చలికాలమంతా ప్రోఖోర్ 'ఇప్పుడే వస్తా' అంటూ వెళ్ళి ఆమె వంటింట్లోనే కూర్చున్నాడు. పొద్దున ఫీమా పోసిన అట్లు కూడా, పైన మీగడ వేయించుకుని మరీ, అక్కడికే పట్టుకుపోయాడు.

వరుస కదిలి ఇద్దరూ ఎదురుపడ్డారు. గ్లఫీరా వంగింది.

"నన్ను క్షమించు, ఫీమా."

"దేనికి?"

గ్లఫీరా తలెత్తింది.

"ఈ రోజు అలా అడక్కూడదే."

"అడుగుతాను, గ్లఫీరా పెత్రోవ్నా. నా అట్లు తిన్నందుకా? నా మొగుణ్ణి బుట్టలో వేసుకున్నందుకా? కూతురు రమ్మంటున్నా మీరు ఊరొదలనిది ఎవరి కోసం?"

"మా ఆయన ఇక్కడి మట్టిలోనే ఉన్నాడు. నేనెక్కడికీ పోను."

"ఆ మాట మా ఆయనకూ చెప్పారా?"

"చెప్పాను. అందుకే నన్ను అడిగాడు."

"ఏమని?"

గ్లఫీరా తలుపు దగ్గర టోపీ నలుపుకుంటున్న ప్రోఖోర్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఎండాకాలంలో మీరు రష్యా వెళ్ళిపోయాక, మీ ల్యోన్యా సమాధి కంచెకు ఏటా రంగు వేయమని. కొడుకును వదిలి రానంటావని నీకింకా చెప్పలేదట."