ఒక్కరోజు తక్కువ

"ఒక్కరోజు తగ్గిందండి," అన్నాడు కాలేజీ ఆఫీసు గుమస్తా ప్రవీణ్, స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ప్రిన్సిపాల్ పోస్టుకి తొమ్మిదివేల రోజుల సర్వీసు ఉండాలి. దరఖాస్తుకి ఇవాళే ఆఖరు. భీమవరంలో పాతికేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్న లెక్చరర్ జగపతిరాజు గారికి ఆ ఆఫీసు కంప్యూటరే ఎనిమిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది చూపిస్తోంది.

"వేళ్ల మీద లెక్కేసుకుని మరీ వచ్చానయ్యా. రెండువేల సంవత్సరం జనవరిలో చేరాను. ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు. ఇది ఇరవై ఎనిమిదే వేసింది. ఎవడు రాశాడీ ప్రోగ్రాం?"

"నేనేనండి. మీ దగ్గర చదివేటప్పుడు కోబాల్ లాంగ్వేజీలో చేసిన ప్రాజెక్టండి. ఇప్పటికీ అదే నడుస్తోంది."

"మరి లీపు సంవత్సరం లెక్క తెలీదా నీకు?"

"వందతో భాగం పోయే ఏడు లీపు కాదని గైడులో ఉందండి. నాలుగువందలతో కూడా పోతే మాత్రం లీపేనని దాని కింద నేనింకో లైను రాశానండి. ఆ లైను గైడులో లేదని మీరే ఎర్ర ఇంకుతో కొట్టేశారండి. రెండు మార్కులు కూడా తీసేశారు."

రాజుగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"తర్వాతైనా మార్చలేకపోయావా?"

"మీరు సంతకం పెట్టిన ప్రోగ్రామండి. మేం ముట్టుకుంటామా అండి."

రాజుగారు గొంతు తగ్గించారు. "ఆ రెండు మార్కులూ ఇప్పుడు వేసేస్తాను. ఆ లైను పెట్టెయ్యి నాన్నా."

ప్రవీణ్ లేచి, క్లాసులో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గైడులో వచ్చిందా అండి?"