మొదటి గుల్ల

“వెళ్తే నన్ను తొక్కుకుంటూ వెళ్లు,” అంది వెల్డా. షెడ్డు గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

“తప్పుకో అమ్మా. వారంలో దుప్పుల వేట మొదలవుతుంది. ఇవాళ కాల్చకపోతే ఇంకెప్పుడు కాలుస్తాను?” డార్లా గొంతు పెంచింది.

“కొట్లో దొరికే తుపాకీ కొనుక్కోమంటే విన్నావా? లోయలో అందరికీ పనికొచ్చే తూటా నీకు పనికిరాలేదు.”

తల్లి భుజం మీదుగా డార్లాకి తుపాకీ కనిపిస్తూనే ఉంది. బల్ల మీద ఇసుక సంచుల నడుమ పడుకుని, ఎదురుగా కొండ వాలుకేసి చూస్తోంది. పక్కనే చెక్కదిమ్మలో తూటాలు. ఆ తుపాకీ గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో ఏ కంపెనీ తూటా సరిగ్గా ఇమడదు. కొలతలు డార్లావే, తొలిచిందీ డార్లానే. పాత ఇత్తడి తూటా గుల్లలు తెచ్చి, మెడలు సన్నగా నొక్కి, మందు దట్టించింది. సాల్మన్ నది ఒడ్డున ఇలాంటి ఇంటి తూటాని అడవిపిల్లి అంటారు. ఎవరి మాటా వినదని కాబోలు.

“ఇత్తడిని సాగదీస్తానంటున్నావు. అది చీలితే ఆ మంట ఎటు పోతుంది? నీ మొహం మీదకే కదా?”

“చీలదు. మెడలన్నీ సెగ మీద కాచి మెత్తబరిచాను. మందు కూడా తగ్గించే వేశాను.”

“తూటా వెనక బిగించే ఆ బోల్టు ఎగిరొచ్చి కంట్లో దిగితే? ఇరవై మూడేళ్ల పిల్లకి గాజు కన్ను పెట్టించనా?”

“దిగదమ్మా!”

“ఇంతవరకూ ఒక్కటంటే ఒక్క తూటా పేలలేదు ఆ గదిలో. ఏమీ కాదని నీకెలా తెలుసు?”

“కాలిస్తేనే తెలుస్తుంది!”

“నేననేదీ అదే!”

చివరికి వెల్డాయే కాస్త తగ్గింది. “తుపాకులు చేసే ఎల్డన్ తాత దగ్గర గేజ్ ఉందిగా. తెచ్చి, గది లోతు ఇంకొక్కసారి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం.”

“నిన్ననే చూశాం.”

“ఇవాళ నా కోసం చూడు.”

డార్లా కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ వెళ్లి పికప్ ఎక్కింది. దారి పొడుగునా స్టీరింగ్ మీద వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. చీలితే? ఛీ. అమ్మ మాటలు చెవిలో జోరీగల్లా దూరి కూర్చున్నాయి. వంతెన దాటేసరికి కన్ను ఒకటి మూసి, రెండోదానితో రోడ్డు ఎంత కనిపిస్తుందో చూసుకుంది కూడా.

ఎల్డన్ తాత గేజ్ వెతికి ఇచ్చేసరికే అరగంట పట్టింది. “మీ అమ్మకి ఈసారి ఏం కల వచ్చిందే?”

“నా కళ్లు పోయాయట.”

“పోవు. నలభై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నా. వేళ్లన్నీ ఉన్నాయి చూడు.” చెయ్యి చాపాడు. నాలుగే ఉన్నాయి. “అదా? అది రంపం తిన్నది. తూటాలకి సంబంధం లేదు.”

డార్లాకి నవ్వు రాలేదు. “మొదటిది బాగా పేలిందని ఎలా తెలుస్తుంది తాతా?”

“గుల్లే చెబుతుంది. మందు అంటుకోగానే లోపల పొంగి, నీ గది ఆకారం పోసుకుంటుంది. మెడ కింద వాలుగా ఉన్న గుల్ల భుజం కత్తి అంచులా నిలబడుతుంది, మెడ మసిబారుతుంది. ఆ భుజం ఏ అచ్చులో నొక్కినా రాదు. నీ గదిలో పేలితేనే వస్తుంది. సన్నగీత అంత చీలిక కనిపించినా తుపాకీ పక్కన పెట్టెయ్.”

తిరిగొచ్చేసరికి వెల్డా షెడ్డు మెట్టు మీద కూర్చుని ఆపిల్ పళ్ల తొక్క తీస్తోంది. గుమ్మం బార్లా తెరిచి ఉంది.

“వచ్చావా? వెళ్లి కాల్చుకో.”

“గేజ్ తెచ్చాను. ముందు చూసి...”

“గేజూ లేదు, గీజూ లేదు. ఏమీ కాదులే.”

డార్లా మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఉరిమితే పిడుగని, దగ్గితే క్షయ అని బెంబేలెత్తిపోయే మనిషి నోట ఈ మాటేంటి? విసిగిపోయిందా? దేవుడి మీద భారం వేసేసిందా? ఆవిడ భయం ఆవిడ దగ్గర ఉన్నంతసేపూ డార్లాకి ధైర్యంగానే ఉంది. ఇప్పుడది మొత్తం తన నెత్తిన పడింది.

“పోనీ... వచ్చే ఏడు చూద్దామా అమ్మా?”

“ఇందాక నా మీద ఎగిరిన ఎగురుడంతా ఏమైంది? పద లోపలికి.”

డార్లా బల్ల దగ్గరికి వెళ్లింది. ఎవరేమన్నా సరే, గేజ్ పెట్టి చూడందే ఆ గదిలో తూటా పెట్టేది లేదు. బోల్టు పిడి పైకెత్తి వెనక్కి లాగింది.

లోపలి నుంచి ఏదో తళుక్కున ఎగిరి, చెక్కనేల మీద ఠంగున పడి, ఆమె బూటు దాకా దొర్లింది.

వంగి తీసింది. ఇత్తడి గుల్ల. మెడ మసిబారి ఉంది. భుజం కత్తి అంచులా నిలబడి ఉంది. వెలుతురులో పెట్టి చుట్టూ తిప్పి చూసింది. వెంట్రుకంత చీలిక లేదు.

“అమ్మా! ఏం పని చేశావే నువ్వు?”

వెల్డా చేతిలో ఆపిల్ మీంచి తల ఎత్తలేదు. “అటు పక్కకొచ్చి చెప్పు తల్లీ, ఈ చెవి గంట నుంచి గుయ్యిమంటోంది.”