గీత దాటిన దీవి

శరణ్య కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే గిరిధర్‌కు విసుగొచ్చింది.

చిన్న దీవుల వాళ్ళంటే అతనికి మొదటినుంచీ చులకనే. ఆక్లాండ్‌లోని ఆ ఆరోగ్య నిధి ఆఫీసులో వాళ్ళ దరఖాస్తులన్నీ అతని బల్ల మీదికే వస్తాయి. ఊరి శివారున తనుండే టకానిని పేటలో ఒక వీధిలో ఉన్నంత జనం కూడా ఉండరు, వాళ్ళకో జెండా, ఓ జాతీయగీతం అని నవ్వుకునేవాడు.

ఈసారి తాలోనా దీవి తరఫున వచ్చింది తెలుగమ్మాయి. వరంగల్ నుంచి న్యూజీలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌కు చదువుకు వచ్చి, నర్సయి, ఎవరూ పోని ఆ దీవికి పోయింది. అక్కడ ఆరోగ్య శాఖ అంటే ఆమె ఒక్కతే. బుద్ధున్నవాళ్ళెవరైనా ఆక్లాండ్‌లో సెటిల్ అవుతారు అనుకున్నాడు.

"నిరుడు టీకాలకని అడిగారు. ఎందుకు తిప్పి పంపానో గుర్తుందా?"

"ఉంది సార్. తెప్పించేటోళ్ళు, పంచేటోళ్ళు, తనిఖీ చేసేటోళ్ళు వేరువేరు ఉండాలన్నరు. మా దగ్గర అన్నిటికీ నేనే."

"మనుషుల్లేకపోతే నా తప్పా? పెద్ద దేశానికైనా, మీ కొబ్బరితోటకైనా రూల్ ఒకటే."

"ఈసారి తనిఖీకి పక్క దీవి ఆయనను ఒప్పించినం సార్. పడవలో వస్తడు. ఉన్న పిల్లలకైనా ఇప్పియ్యండి."

"ఇక ఆ అవసరమే లేదు." గిరిధర్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. "మీ తలసరి ఆదాయం మా గీత దాటింది. పేద దేశాల్లోంచి మిమ్మల్ని తీసేశాం. కంగ్రాట్స్."

శరణ్య తెర మీది అంకె చదివింది.

"అంటే టీకాలు రావా?"

"కొనుక్కోండి. ఉన్నవాళ్ళు చెయ్యి చాపకూడదమ్మా."

అంతలో అతనికి ఒక ఆలోచన తట్టింది. తను చూసే దేశం ఒక్క ఏడాదిలో గట్టెక్కిందంటే పైవాళ్ళు తనను మెచ్చుకోరూ? ఒక్కసారిగా అతని గొంతు మెత్తబడింది. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ఆమె ముందుకు జరిపాడు.

"వార్షిక నివేదికలో మీ మాటలే వేస్తాం. సగటు ఇంత తొందరగా ఎలా పెరిగింది? రెండు ముక్కల్లో చెప్పండి."

శరణ్య ఫోన్ వైపు వంగింది.

"దీవి మొత్తం ఆదాయం ఎప్పటంతే ఉంది సార్, నిరుడు తట్టు సోకి పిల్లలు పోయిన్రు, తలలు తగ్గినయ్."