మూడు వరుసల పుస్తకం

కదిరిలో పెనుకొండ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, అశ్విని పుస్తకంలో తల దూర్చింది.

చేతిలో ఇమిడే పుస్తకం. ఒక వరుసలో ఇంగ్లీషు మాట, రెండో వరుసలో అది ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో, మూడో వరుసలో అర్థం.

పుస్తకమంతా కంఠతా వచ్చు. నోరే పెగలదు.

కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగానికి రెండు ఇంటర్వ్యూలు అలాగే పోయాయి. జవాబులన్నీ తెలుసు, ఒక్కటీ గొంతు దాటలేదు. ఈరోజు మూడోది. ఇదీ పోతే మగ్గం ముందు కూర్చోమని నాయన తేల్చి చెప్పాడు.

బస్సు కదిలేముందు ఒక పెద్దాయన వచ్చి పక్కన కూలబడ్డాడు. భుజాన తువ్వాలు, చేతిలో ఉడకబెట్టిన చెనిక్కాయల పొట్లం. ఇన్ని సీట్లు ఖాళీగా ఉంటే ఈయనకు ఇక్కడే చోటు దొరికిందా అని అశ్విని విసుక్కుంది.

ఆయన ఊరుకునే రకం కాదు. అదేం పుస్తకమన్నాడు. ఇంగ్లీషు మాటలదని ఆమె చెబితే, తనకు కండ్లు కానరావని, చదివి వినిపించమన్నాడు.

"పేషెన్స్," అంది నోట్లోనే.

వినపడలేదన్నాడు. గట్టిగా అంది. ఆయన ఏదో వంకరగా పలికాడు. అది కాదని ఇంకా గట్టిగా అంది.

"అంటే ఏమి పాపా?"

"ఓర్పు."

"అట్లంటే నాకేం తెలుస్తాది? మన మాటల్లో చెప్పు."

అశ్విని ఆలోచించింది. "విత్తనమేసి, వాన ఎప్పుడొస్తాదా అని మోడం దిక్కు చూస్తామే, అది."

"అది మాకు పుట్టుకతోనే ఉండాది."

వెనక సీట్లో పూలగంపతో కూర్చున్న హనుమక్క పకపకా నవ్వింది.

తర్వాత ఆయన కోరికలు పెరిగాయి. ప్రతి మాటకీ ముందు ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాలట, ఆ భాష చెవిన పడితే బాగుంటుందట. ఆపైన తెలుగులో విడమర్చాలట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందే అనుకుంటూనే అశ్విని ఊదింది.

పుట్టపర్తి దాటేసరికి హనుమక్క కూడా తనకో మాట కావాలంది. కండక్టర్ రెబెకా టికెట్లు కొట్టడం మాని చోద్యం చూసింది. అశ్విని సీట్లో వెనక్కి తిరిగి, చేతులు ఊపుతూ, బస్సంతటికీ పాఠం చెబుతోంది. వణుకు ఎప్పుడు పోయిందో తనకే తెలియలేదు.

పెనుకొండలో దిగుతుంటే పెద్దాయన ఒక్కమాట అన్నాడు.

"బాగా చెప్తాండావు పాపా. లోపల కూడా ఇట్లే చెప్పు. వాళ్ళకూ ఏమీ తెల్దనుకో."

ఫ్యాక్టరీ లోపల బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. ముగ్గురికీ ఏమీ తెలియదనుకుంది. అర్థమయ్యేదాకా చెప్పింది. ఇక చాలమ్మా అని వాళ్ళే ఆపాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి ఉద్యోగం కాగితం చేతికొచ్చింది. వెంటనే ఇంటికి ఫోన్ చేసి నాయనకు చెప్పింది.

సంతోషంలోనూ అశ్వినికి పెద్దాయన గుర్తొచ్చాడు. పాపం, ఆ వయసులో నేర్చుకోవాలని ఎంత ఆశ! అంగడికి పోయి, పెద్ద అక్షరాలున్న ఏబీసీడీల పుస్తకం ఒకటి కొంది.

సాయంత్రం అదే బస్సు. ఆయన లేడు. అశ్విని పుస్తకాన్ని రెబెకా చేతిలో పెట్టింది.

"పొద్దునొచ్చిన పెద్దాయన మళ్ళా ఎక్కితే ఇయ్యక్కా. అక్షరాల కాడినుంచి మొదలుపెడితే ఆయనకూ వస్తాది."

రెబెకా పుస్తకం చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, దాన్ని భద్రంగా సంచిలో పెట్టుకుంది.

"తప్పకుండా ఇస్తాలేమ్మా, నాగేశ్వర సారు శానా సంతోషపడతాడు. ముప్పై ఏండ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పినాడు, ఇప్పుడు ఇంటర్వ్యూలున్న దినమల్లా ఈ బస్సెక్కి, పుస్తకం పట్టుకుని వణికేటోళ్ళ పక్కన పోయి కూచుంటాడు."