బురద మానేసిన దున్న

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి నాయనా. ముందు ఆ నల్లనయ్యకు ఒక్కసారి చేతులు జోడించండి. ఇక వినండి.

ఒక మడుగులో నీలడనే కుర్ర దున్నపోతు ఉండేవాడు. ఎండ ముదిరితే బురదలో పొర్లి హాయిగా కునుకు తీసేవాడు. ఒకనాడు గట్టు మీది తెల్లకొంగ వాణ్ణి చూసి నవ్వింది.

"ఆ నలుపేంటి బాబూ? మగాడంటే మెరవాలయ్యా! బురద మానేసి, ఒళ్లు రాతికేసి రుద్దుకో. నాలా తెల్లగా తేలతావు."

నీళ్లలో తన నీడ చూసుకుంటే నీలడికి మొదటిసారి సిగ్గేసింది. ఆనాటి నుంచి బురద ముట్టలేదు. రుద్దీ రుద్దీ తోలు చిట్లింది, జోరీగలు ముసిరాయి. కొంగ దర్జాగా వాడి వీపెక్కి వాటిని కడుపారా తింటూ, "ఇంకాస్త రుద్దు బాబూ, రంగు వచ్చేస్తోంది!" అనేది. బురద పూసుకున్న వీపు మీద ఈగ వాలదు. ఈగ వాలని చోట కొంగకు తిండేదీ?

పుండ్లు ముదిరి నీలడు కూలబడ్డాడు. వాడి మేనత్త, ముసలి గేదె, పరుగున వచ్చింది.

"అత్తా, తెల్లబడ్డానా?" అన్నాడు కళ్లు తెరవలేక.

"నువ్వెప్పుడూ బాగానే ఉన్నావురా నాయనా," అందామె. తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. మూతితో చల్లటి బురద తోసుకొచ్చి పుండ్ల మీద కప్పి, వాడి పక్కనే పడుకుంది.

పొద్దుగూకేలోపే వాడి ఊపిరి ఆగిపోయింది. కొంగ అప్పటికే ఇంకో కుర్ర దున్నను పలకరిస్తోంది.

ఆ మేనత్త అన్న మాట గుర్తుంచుకోండి తల్లీ. అద్దం ముందు తల దించుకునే కుర్రాడు మీ ఇంట్లోనూ ఉంటాడు. వాడికి ఆ మాటే చెప్పండి. కాకపోతే, ఆమెకన్నా ముందే చెప్పండి.