ఒంటిమాట మాస్టారు

ఫ్లైఓవర్ సగం ఎక్కి కారు మళ్లీ ఆగిపోయింది.

వెనకాల హారన్లు లంకించుకున్నాయి. పక్కనుంచి పోతున్న ఓ పెద్దమనిషి అద్దం తీసి, ఇది కారా తోపుడుబండా దీదీ అని హిందీలో అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. పాన్ మసాలా ఎర్రగా ఉమ్మేసి పోయాడు. సగం రోడ్డుకి, సగం ప్రవల్లిక కారు తలుపుకి.

"ఛీ," అన్నారు వెనక సీట్లోంచి మాస్టారు.

ఆ ఛీ ఉమ్మినవాడికో తనకో ప్రవల్లికకి అంతుపట్టలేదు. ఎందుకైనా మంచిదని తనకే అనుకుని, ఇంజను తిప్పి, ఎలాగో ఫ్లైఓవర్ దాటించింది.

ఆ కారు ఆమె తన జీతంతో కొనుక్కున్నది. కాకినాడ చదును రోడ్ల మీద దర్జాగా నడిపింది. ఉత్తరాదిన ఈ ఇందిరాపురం వచ్చాకే తంటా. ఎత్తు ఎదురైతే గేరు తగ్గించాలి. ఆ తగ్గించే క్షణంలో ఆమె చెయ్యి బిగుసుకుపోయేది, బండి చచ్చేది. భర్త సాయి కిరణ్‌కి విసుగెత్తింది. గేర్లు నీ వల్ల కావు, ఇది అమ్మేసి గేర్లు మార్చే పని లేని బండి కొందామన్నాడు. కొనేవాడు రేపు పొద్దున్నే వస్తాడు. ఈలోగా ఈ ఫ్లైఓవర్ ఒక్కసారి ఆగకుండా ఎక్కి దిగితే బేరం మానేస్తానని మాత్రం మాటిచ్చాడు.

పక్క ఫ్లాటు ఉమారాణి ఆంటీ ఓ డ్రైవింగ్ మాస్టారి సంగతి చెప్పింది. తెలుగాయనే, గేటు దగ్గరికే వస్తాడు, కాస్త తిక్క మనిషి, ఏమన్నా ఎదురు చెప్పకు అంది. ప్రవల్లిక గేటు దగ్గర కారు పెట్టుకుని కూర్చుంది. ఓ పెద్దాయన ఒళ్లో సంచి ఇరికించుకుంటూ వెనక సీట్లో ఎక్కారు.

"మాస్టారేనా అండీ?"

"అవునమ్మా. నా మొహమ్మీద రాసుందా?" అని మురిసిపోయారాయన. ముందు సీట్లోకి రమ్మంటే వెనకే హాయి అన్నారు.

ఆ హాయి ఎంతోసేపు లేదు. ఏసీ వేస్తే ఎత్తులో ఇంజను నీరసపడుతుందని ప్రవల్లిక అద్దాలు తెరిచే ఉంచింది. ఫ్లైఓవర్ పక్కన ఊరి చెత్తంతా పోసిన కొండ ఉంది. దాని కంపుకి అక్కడి గద్దలు ఒక రెక్కతో ముక్కు మూసుకుని ఒంటిరెక్క మీద ఎగురుతాయని చుట్టుపక్కల ప్రతీతి. మాస్టారు ముక్కూ నోరూ కలిపి కండువా చుట్టేసుకున్నారు. నోరు తెరిస్తే కడుపులోది బయటికొచ్చేలా ఉంది. అందుకని ఏమన్నా ఒకటి రెండు మాటలే.

కారు వెనక్కి తిరిగి మళ్లీ ఫ్లైఓవర్ మొదటికొచ్చింది.

"మళ్లీ ఇక్కడికేనా?"

"మళ్లీ మళ్లీ చేస్తేనే కదా మాస్టారూ వచ్చేది."

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు.

ఎత్తు మొదలైంది. మూడో గేరులో ఇంజను ఆయాసపడి గడగడలాడింది.

"దించు," అన్నారు కండువాలోంచి.

ప్రవల్లిక క్లచ్ తొక్కి రెండో గేరులోకి లాగింది. క్లచ్ మీద కాలు ఒక్కసారిగా తీసేసింది. ఆ కుదుపుకి మాస్టారి పెట్టుడు పళ్లు ముందు సీటు దాకా వెళ్లి, తిరిగొచ్చి ఎక్కడివక్కడ సర్దుకున్నాయంటే నమ్మాలి.

మాస్టారు కండువా లాగేశారు. థూ, ఇదేం నడపడం, మా ఊరి బస్సు ధర్మయ్య ఘాట్ రోడ్డులో గేరు మారిస్తే కండక్టరు నిద్రలో పక్కకైనా ఒత్తిగిలేవాడు కాదు అని కడిగేసి, కంపుకి తాళలేక మళ్లీ చుట్టేసుకున్నారు.

ప్రవల్లికకి కిటుకు అర్థమైంది. తప్పంతా కాలి తొందరలో ఉంది.

మరో చుట్టు.

"దించు తల్లీ."

ఈసారి ఇంజను మూలగకముందే క్లచ్ తొక్కింది. గేరు రెండులో వేసి, యాక్సిలరేటర్ కాస్త తాకించి, క్లచ్ మెల్లగా వదిలింది. కారు వెన్నలా ఎక్కింది. పైకి చేరి వాలు మొదలవుతుంటే మాస్టారు మళ్లీ అదే మాట అన్నారు. నిజమే కదా అనుకుంది. వాలులో చిన్న గేరు వేస్తే బ్రేకు మీద నిలబడక్కర్లేదు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఒక్క మాటతో ఎక్కడమూ దిగడమూ నేర్పేశారు. ఏం గురువు.

నమ్మకం కుదరక ఇంకో చుట్టు, ఆనందం పట్టలేక మరో చుట్టు తిరిగింది. మాస్టారు ప్రతి ఎత్తులోనూ, ప్రతి వాలులోనూ ఆ మాటే మూలిగారు. చివరికి ఆయన మొహం పులిసిన పెరుగు తిన్నట్టయింది.

ఆమె కారు పక్కకి ఆపి సాయి కిరణ్‌కి ఫోన్ చేసింది. కొనేవాణ్ణి రావద్దని చెప్పు, కావాలంటే రాత్రికి నిన్నే ఎక్కించుకుని తిప్పుతానంది. అచ్ఛా, ఠీక్ హై అన్నాడతను నీరసంగా.

వెనక్కి తిరిగి దణ్ణం పెట్టింది. "మీ ఒక్క మాటతో నా కారు నాకు దక్కింది మాస్టారూ. రేపు కూడా ఇదే టైముకి రండి."

మాస్టారు కండువా విప్పి, కిటికీలోంచి ఉమ్మి, గాలి పీల్చుకున్నారు.

"బడిపిల్లలకి లెక్కలు చెప్పుకునేవాణ్ణి, స్టేషనుకి బుక్ చేసిన క్యాబు ఇదేననుకుని ఎక్కాను తల్లీ, నా రైలు ఈపాటికి ఆగ్రా దాటి ఉంటుంది."